జస్టిస్ సయ్యద్ మహమూద్

అలీగఢ్ కళాశాల స్థాపకులు సర్ సయ్యద్ అహమద్ ఖాన్ పేరు వినని విద్యార్థి మన కళాశాలలో ఉండడు. ఆయన కుమారుడు సయ్యద్ మహమూద్‌ను మాత్రం మనము దాదాపు మరచితిమి.

1850లో ఢిల్లీలో జన్మించిన మహమూద్ కేంబ్రిడ్జిలో చదివి, బారిస్టరై స్వదేశమునకు తిరిగి వచ్చినారు. 1879లో రాయ్‌బరేలీ జిల్లా జడ్జి అయినారు. 1881లో ఆయన సేవలను హైదరాబాదు సంస్థానము న్యాయశాఖ సంస్కరణకై వినియోగించుకొన్నది. మరుసటి ఏడు అలహాబాదు హైకోర్టులో తాత్కాలిక న్యాయమూర్తిగా కూర్చుండి, 1887లో స్థిరపడినారు. ఆ న్యాయస్థానమున అంతకు ముందు భారతీయుడెవ్వడును న్యాయమూర్తి కాలేదు.

పదవి కన్న ఆయన భిన్నాభిప్రాయ తీర్పులే మమ్ము ఆకర్షించినవి. వకీలును పెట్టుకొనలేని ఖైదీ జైలునుండి అప్పీలు పంపును. కాగితములు చూచి దానిని తోసివేయవచ్చునా? ఎవరో ఒకరు నోరు విప్పి వాదించనిదే విచారణ జరిగినట్లు కాదని 1891లో మహమూద్ ఒంటరిగా వాదించినారు. సహన్యాయమూర్తులు అంగీకరించలేదు. స్వతంత్ర భారత న్యాయస్థానములు ఆ తీర్పును గౌరవముతో స్మరించినవి.

ఒక మాట దాచరాదు. తీర్పులు సుదీర్ఘములై ఆలస్యమగుట, మద్యపాన వ్యసనము ఆయనకు కీడు చేసినవి. ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ ఎడ్జ్‌తో వైరము ముదిరినది. 1893లో, నలుబదిమూడవ యేట, రాజీనామా చేసినారు. భారతదేశమున ఆంగ్ల విద్యాచరిత్రను గ్రంథముగా రచించి, 1903లో కన్నుమూసినారు.

ఆయన కుమారుడు రాస్ మసూదే తరువాత హైదరాబాదు విద్యాశాఖాధిపతియై, ఉర్దూ బోధనా భాషగా 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు తోడ్పడినారు.