వెన్‌మన్ జోసెఫ్ బాసెట్-లోక్

వెన్‌మన్ జోసెఫ్ బాసెట్-లోక్ (డిసెంబరు 27, 1877 - అక్టోబరు 21, 1953) ఇంగ్లాండుకు చెందిన ప్రముఖ నమూనా యంత్రాల వ్యాపారి. అసలు రైలింజనును పోలి ఉండి, నిజమైన ఆవిరితోనే నడిచే చిన్న ఇంజన్లకు ఆ దేశంలో విస్తృత ప్రచారం కల్పించినవారిలో ముఖ్యుడు.

బాల్యం, వ్యాపారం

ఈయన నార్తాంప్టన్ పట్టణంలో జన్మించాడు. తండ్రికి బాయిలర్లు తయారుచేసే కర్మాగారం ఉండేది. 1899 ప్రాంతంలో హారీ ఫ్రాంక్లిన్‌తో కలసి నమూనాలను, వాటి విడిభాగాలను తపాలా ద్వారా విక్రయించే సంస్థను స్థాపించాడు. 1900 నాటి పారిస్ ప్రదర్శనలో జర్మనీకి చెందిన బొమ్మల తయారీదారు స్టెఫాన్ బింగ్‌తో పరిచయం ఏర్పడింది. అప్పటి జర్మన్ బొమ్మ ఇంజన్లు చక్కగా తిరిగేవే కాని, వాటిని చూసి ఫలానా రైల్వే ఇంజను అని గుర్తుపట్టడం కష్టం.

బ్లాక్ ప్రిన్స్

ఈ లోపాన్ని సరిదిద్దడానికి ఈయన ఎన్నుకొన్నది లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే వారి ఎక్స్‌ప్రెస్ ఇంజను బ్లాక్ ప్రిన్స్. ఫ్రాన్సిస్ వెబ్ రూపకల్పన చేసిన ఈ నాలుగు సిలిండర్ల ఇంజను, విక్టోరియా రాణి వజ్రోత్సవం జరిగిన 1897లో క్రూ కర్మాగారంలో తయారైంది. దీని ఆవిరి నమూనాను బింగ్ సంస్థ నిర్మించగా, బాసెట్-లోక్ 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో అమ్మకానికి పెట్టాడు. తరువాత హెన్రీ గ్రీన్లీ ఈయన సంస్థకు ప్రధాన రూపకర్త అయ్యాడు. ఆయన రూపొందించిన 15 అంగుళాల గేజి ఇంజను లిటిల్ జెయింట్ 1905లో బ్లాక్‌పూల్‌లో ప్రయాణికులను మోసింది.

బాయిలర్ల వివాదం

యంత్రాన్ని కుదించినంత సులభంగా ఆవిరిని కుదించలేము. కొలతలన్నీ సగమైతే బాయిలరులోని నీరు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది, వేడిని కోల్పోయే ఉపరితలం మాత్రం నాలుగో వంతుకే తగ్గుతుంది. అందుచేత చిన్న బాయిలరు త్వరగా చల్లబడుతుంది. బాసెట్-లోక్ సంస్థ చిన్న ఇంజన్లకు ఎక్కువగా స్పిరిట్ దీపాలనే వాడేది. ఎల్.బి.ఎస్.సి. అనే కలం పేరుతో వ్రాసిన నమూనాకారుడు 1920లలో దీనిని తీవ్రంగా ఖండించాడు. రెండున్నర అంగుళాల గేజి ఇంజను ఆయేషాలో బొగ్గు మండించి, పెద్దవారినే లాగించి చూపాడు. దానికి పోటీగా బాసెట్-లోక్ సంస్థ స్పిరిట్‌తో నడిచే ఛాలెంజర్‌ను నిలిపింది. కాని ఆపై ఔత్సాహికులు అధికంగా బొగ్గు వైపే మొగ్గారు. వ్యాపారికి ఇది ఎదురుదెబ్బే అయినా, ఈ వాదం వల్ల చిన్న ఇంజన్ల శక్తి ఎంతో వెల్లడయింది.

ఇతర విశేషాలు

రెండవ ప్రపంచ యుద్ధంలో ఈయన సంస్థ సైన్యానికి మల్బరీ కృత్రిమ రేవు నమూనాలను తయారుచేసింది. 78, డెర్న్‌గేట్‌లోని ఈయన ఇంటిని 1916-17లలో చార్లెస్ రెన్నీ మకింటాష్ పునర్నిర్మించాడు. ఈ ఇల్లు 2003లో సందర్శకులకు తెరవబడింది.