క్రమరాహిత్యంలో క్రమాన్ని దర్శించిన యాకోబ్ గ్రిమ్

ఆంగ్లభాషను అభ్యసించే ప్రతి విద్యార్థికీ క్రమరహిత క్రియల పట్టిక ఒక అగ్నిపరీక్ష. 'ప్లే' అనే క్రియ భూతకాలంలో 'ప్లేడ్' కాగా, 'డ్రింక్' మాత్రం 'డ్ర్యాంక్', 'డ్రంక్' అని రూపాలు మార్చుకొంటుంది. కారణమెరుగక వల్లె వేయడమే మనకు అలవాటైంది. ఈ క్రియల వెనుక ఒక ప్రాచీన క్రమమున్నదని శాస్త్రీయంగా నిరూపించిన మహాపండితుడు యాకోబ్ గ్రిమ్.

ఆయన 1785 జనవరి 4వ తేదీన జర్మనీలోని హానౌ పట్టణంలో జన్మించారు. 1796లో తండ్రి మరణించగా పదకొండేళ్ల ప్రాయంలోనే కుటుంబభారాన్ని తలచుకోవలసి వచ్చింది. మార్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదువుతూ, ఆచార్య సావిన్యీ సాహచర్యం వలన ప్రాచీన గ్రంథాలపై అనురక్తి పెంచుకొన్నారు. తమ్ముడు విల్‌హెల్మ్‌తో కలిసి 1812లో వెలువరించిన జానపద కథలు ఆయన పేరును ఇంటింటికీ చేర్చాయి.

అయితే భాషాశాస్త్రానికి ఆయన సమర్పించిన మహత్తర కానుక 1819లో ప్రారంభమైన 'జర్మన్ వ్యాకరణం'. జర్మన్, గోతిక్, ప్రాచీన ఆంగ్లం మొదలైన సోదరభాషలను అందులో సరిపోల్చి, క్రియలను రెండు తెగలుగా విభజించారు. ధాతువులోని అచ్చును మార్చుకొని, పరుల సహాయం లేకుండా భూతకాలాన్ని తెలిపేవి బలక్రియలు. ప్రత్యయాన్ని ఆశ్రయించేవి బలహీన క్రియలు. 'డ్రైవ్, డ్రోవ్, డ్రివెన్', 'రైడ్, రోడ్, రిడన్' ఒకే కుటుంబమని ఈ దృష్టితో చూస్తే తేటపడుతుంది. 'హెల్ప్' కూడా ఒకప్పుడు బలక్రియయే; కాలక్రమాన అది రెండవ తెగలో కలిసిపోయింది. 'బ్రింగ్, బ్రాట్' వంటివి మాత్రం ప్రత్యయం గలవే అయినా, ధ్వనుల మార్పు వలన వింతగా కనబడుతున్నాయి.

భాషలో నియమాన్ని అన్వేషించిన గ్రిమ్ జీవితంలోనూ నియమానికి కట్టుబడినవారు. 1837లో హనోవర్ రాజు ఎర్నస్ట్ ఆగస్ట్ రాజ్యాంగాన్ని రద్దు చేయగా, గోటింగెన్ విశ్వవిద్యాలయ ఆచార్యులు ఏడుగురు నిరసన తెలిపారు. వారిలో ఈ సోదరులిద్దరూ ఉన్నారు. ఏడుగురూ ఉద్యోగాలు కోల్పోయారు. యాకోబ్‌కు మూడు రోజులలో రాజ్యం విడిచిపోవలసిందిగా ఆజ్ఞ అయింది. ఆయన మాట వెనుకకు తీసుకొనక, పదవిని త్యజించి వెళ్లిపోయారు.

తరువాత సోదరులు బెర్లిన్ చేరి జర్మన్ మహానిఘంటువు నిర్మాణాన్ని కొనసాగించారు. 1863 సెప్టెంబరు 20న యాకోబ్ కన్నుమూసేనాటికి ఆ కృషి ఫలమని అర్థమిచ్చే పదం వద్ద నిలిచింది. అనంతర తరాల పండితులు 1961 నాటికి దానిని పూర్తి చేశారు.

విద్యార్థి మిత్రులారా! క్రియలను అక్షరక్రమంలో గాక కుటుంబాలుగా చేర్చి చదవండి. భారమనిపించిన పట్టికలో వేయేళ్ల చరిత్ర పలుకుతుంది. అర్థం కానిదానిని అస్తవ్యస్తమని తోసివేయక, ఓర్పుతో పరిశీలించడమే ఆ మహనీయుని జీవితం మనకు నేర్పే పాఠం.