విమానానికి గుండె చేసిన మెకానిక్ - చార్లీ టేలర్



విమానం కనిపెట్టింది ఎవరని అడిగితే మూడో తరగతి పిల్లవాడు కూడా రైట్ సోదరులని చెబుతాడు. మేమూ బీర్పూర్ హాస్టల్ వరండాలో కూర్చుని జనరల్ నాలెడ్జ్ బిట్ల కోసం అట్లాగే బట్టీ పట్టాం. ఆ విమానానికి ఇంజను చేసింది ఎవరన్న బిట్టు మాత్రం మాకెక్కడా తగలలేదు. పీజీలో చేరాక లైబ్రరీలో ఆ పేరు కనిపించింది. ఆయనే చార్లెస్ ఎడ్వర్డ్ టేలర్. అందరికీ చార్లీ. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి.

చార్లీ 1868 మే 24న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టాడు. పన్నెండేళ్ళకే బడి మానేసి ఒక పత్రిక వారి బైండింగు విభాగంలో పనికి కుదిరాడు. తర్వాత యంత్రాల పని నేర్చుకున్నాడు. పెళ్ళయ్యాక భార్య హెన్రియెట్టాతో డేటన్ పట్టణం చేరాడు. అక్కడ విల్బర్, ఆర్విల్ రైట్ అనే అన్నదమ్ములకు సైకిళ్ళ దుకాణం ఉండేది. 1901 జూన్‌లో గంటకు 30 సెంట్ల కూలికి చార్లీ అందులో చేరాడు. ఆయన దుకాణం చూసుకుంటుంటే అన్నదమ్ములు నిశ్చింతగా కిట్టీహాక్ ఇసుక దిబ్బల మీద గ్లైడర్లతో ప్రయోగాలు చేసుకున్నారు.

గ్లైడరు కుదిరింది. ఇక ఇంజను కావాలి. తేలికగా ఉండి, కనీసం 8 అశ్వశక్తి ఇచ్చే ఇంజను కోసం అన్నదమ్ములు మోటారు కంపెనీలకు ఉత్తరాలు రాశారు. పనికొచ్చేది ఎవరూ ఇవ్వలేదు. ఆ బాధ్యత చార్లీ మీద పడింది. అంతకుముందు ఆయనకున్న ఇంజను అనుభవమల్లా ఒక కారును బాగుచేయడానికి ప్రయత్నించడమే. సరైన డ్రాయింగులు లేవు. చిత్తు కాగితాల మీద గీసిన బొమ్మలను తన బల్ల ముందు గుచ్చుకుని పని మొదలుపెట్టాడు. ఉన్నవి ఒక లేతు, ఒక డ్రిల్లింగ్ మిషను. దిట్టమైన ఉక్కు దిమ్మకు వరుసగా రంధ్రాలు వేసి, అనవసరమైన లోహం ఊడగొట్టి, లేతు మీద తిప్పి క్రాంకు షాఫ్టు తీశాడు. ఆరు వారాల్లో నాలుగు సిలిండర్ల ఇంజను సిద్ధమైంది. 1903 ఫిబ్రవరిలో పరీక్షిస్తుంటే పెట్రోలు కారి బేరింగులు బిగుసుకుపోయి దాని అల్యూమినియం పెట్టె పగిలింది. మళ్ళీ పోత పోయించారు. రెండో ఇంజను 12 అశ్వశక్తి ఇచ్చింది.

ఆ ఇంజనుకు కార్బురేటరు లేదు, స్పార్కు ప్లగ్గులు లేవు, యాక్సిలరేటరు లేదు. పెట్రోలు పైనుంచి బొట్లుగా పడి, వేడికి ఆవిరై, గాలితో కలిసి సిలిండర్లలోకి పోయేది. అందులో రెండు లోహపు మొనలు తగిలి విడిపోయినప్పుడు నిప్పురవ్వ పుట్టేది.

అసలు కష్టం 1903 నవంబరులో, కిట్టీహాక్‌లో వచ్చింది. విమానం బిగించి ఇంజను తిప్పితే మిస్సింగ్ కొట్టింది. మన పొలాల దగ్గర ఆయిల్ ఇంజను ఒక దెబ్బ కొట్టి, ఒక దెబ్బ మింగి ఊగిపోవడం మనం చూసిందే. ఆ కుదుపు గొలుసుల గుండా పంకాల ఇరుసులకు తగిలి అవి దెబ్బతిన్నాయి. ఇరుసులు డేటన్‌కు వచ్చాయి. చార్లీ బాగుచేసి తిరిగి పంపాడు. మళ్ళీ పళ్ళచక్రాలు వదులయ్యాయి. అన్నదమ్ములు సైకిలు టైర్లకు వాడే జిగురు పోసి వాటిని గట్టిపరిచారు. ఇంజను ఎందుకు ఊగుతోందా అని వెతికితే, పెట్రోలు వదిలే చిన్న వాల్వు అదురుకు తనంతట తానే కదులుతోందని, పెట్రోలు పాళ్ళు మారిపోతున్నాయని తేలింది. దాన్ని కదలకుండా చేశారు. ఈలోగా ఒక ఇరుసుకు వెంట్రుకంత పగులు కనిపించింది. ఆర్విల్ డేటన్ వచ్చి, గొట్టాలకు బదులు గట్టి స్ప్రింగు ఉక్కు కడ్డీలతో కొత్త ఇరుసులు చేయించుకుని పోయాడు. డిసెంబరు 17న విమానం ఎగిరింది. మొదట 12 సెకన్లు, 120 అడుగులు. నాలుగోసారి 59 సెకన్లు, 852 అడుగులు. ఆ సమయాన చార్లీ డేటన్‌లో దుకాణం చూసుకుంటున్నాడు. ఆ చరిత్రాత్మక ఫోటోలో ఆయన లేడు.

పాతకాలపు చిన్న విమానాలను బాగుచేసేవాళ్ళు నేటికీ ఈ పద్ధతినే పాటిస్తారు. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు ఊగితే పెట్రోలు, గాలి, నిప్పురవ్వ, ఒక్కొక్కటే వరుసగా చూస్తారు. రెండు మాగ్నెటోలను ఒకదాని తర్వాత ఒకటి ఆపి చూస్తే లోపం ఎటువైపో తెలుస్తుంది. కొద్దిసేపు నడిపి ఆపితే, మండని సిలిండరు మిగతావాటికన్నా చల్లగా ఉండి తనే పట్టిస్తుంది. ఊహ మీద అన్నీ విప్పేసేవాడు మెకానిక్ కాడు.

1911లో కాల్ రోడ్జర్స్ అనే పైలట్ అమెరికాను ఈ తీరం నుంచి ఆ తీరానికి విమానంలో దాటాడు. దారి పొడవునా కూలి, విరిగి, మళ్ళీ లేచిన ఆ విమానానికి మరమ్మతులు చేసినవాళ్ళలో చార్లీ ఉన్నాడు.

చివరి రోజులు మాత్రం మనసు కలచివేస్తాయి. కాలిఫోర్నియాలో కొన్న భూమిలో డబ్బు పోయింది. భార్య చనిపోయింది. ఒక విమాన కర్మాగారంలో గంటకు 37 సెంట్లకు పనిచేస్తుంటే, ఆయనెవరో పక్కవాళ్ళకు కూడా తెలియదు. రైట్ సోదరుల దుకాణాన్ని మ్యూజియంగా నిలబెట్టాలనుకున్న హెన్రీ ఫోర్డు మనుషులు వెతికి పట్టుకున్నారు. ఆర్విల్ తన వీలునామాలో ఏటా 800 డాలర్లు రాసిపెట్టాడు. ధరలు పెరిగి అవి చాలలేదు. 1955లో ఒక విలేకరి చూసేనాటికి చార్లీ ధర్మాసుపత్రి వార్డులో ఉన్నాడు. విమాన పరిశ్రమవాళ్ళు చందాలు వేసి మంచి వైద్యశాలకు మార్చారు. 1956 జనవరి 30న, 87 ఏళ్ళ వయసులో, ఆయన కన్నుమూశాడు. ఆర్విల్ పోయిందీ 1948లో అదే తేదీన. ఈనాడు అమెరికా ప్రభుత్వం యాభై ఏళ్ళు సేవ చేసిన విమాన మెకానిక్‌లకు ఇచ్చే పురస్కారం చార్లీ పేరు మీదే ఉంది.

మిత్రులారా, అప్లికేషన్లో తండ్రి వృత్తి అన్న గడి దగ్గర మా చేతులు ఎన్నోసార్లు ఆగాయి. బోరు మోటార్లు విప్పే నాన్న, బీడీలు చుట్టే అమ్మ, సిరిసిల్లలో మరమగ్గం తోలే మామ, గల్ఫులో వెల్డింగు చేసే అన్న. ఇంట్లో మొదటిసారి డిగ్రీ పట్టా తెచ్చిన మాలాంటివాళ్ళం వాళ్ళ నూనె మరకల చేతులను నలుగురిలో దాచాలని చూశాం. చార్లీ కథ చదివాక సిగ్గుపడ్డాం. సిగ్గుపడాల్సింది ఆ చేతుల గురించి కాదు, దాచినందుకు.

మన దేశంలోనూ మరమ్మతు చేసిన విమానం మళ్ళీ ఎగరాలంటే లైసెన్సున్న మెయింటెనెన్సు ఇంజనీరు సంతకం ఉండాల్సిందే. ఇంటర్లో లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ చదివినవాళ్ళకు ఆ దారి ఉంది. పైలట్ కావాలని కలగనే తమ్ముడు కలగనవచ్చు. పానా పట్టాలని ఉన్న తమ్ముడు కూడా తలెత్తుకునే పట్టాలి.

ఈసారి ఇంటికి పోయినప్పుడు నాన్న మోటారు విప్పుతుంటే పక్కన కూర్చోండి. ఏది ముందు చూస్తాడో, ఎందుకు చూస్తాడో అడగండి. మేము ఆలస్యంగా అడిగాం, మీరు ఇప్పుడే అడగండి.