గుఱ్ఱముల వైద్యుని దేశాటనము

ఏ చదువు చదివిన బ్రతుకుతెరువు దొరకునని విద్యార్థుల తల్లిదండ్రులు మమ్ము తఱచుగా అడుగుచుందురు. గౌరవమైన చదువును నడుమ విడిచి, లోకులు నవ్వెడి చదువును పట్టి, దానితోనే హిమాలయములు దాటిన యొక పురుషుని చరిత్రమును ఈ సంచికలో తెలుపుచున్నాము.

విలియం మూర్‌క్రాఫ్ట్ 1767లో ఇంగ్లండునందలి లాంకషైరు సీమలో, ఆర్మ్‌స్కర్క్ అను ఊర జన్మించెను. అతడు లివర్‌పూలులో శస్త్రవైద్యము నేర్చుకొనుచుండగా ఆ సీమ పశువులకు పెద్ద జాడ్యము వ్యాపించెను. వానికి చికిత్స చేయబోయిన యువకుని మనస్సు అటే మరలెను. ఆ కాలమున అచ్చట గుఱ్ఱమునకు జబ్బు చేసినచో లాడములు కొట్టువాడే వైద్యుడు. చదువుకొన్నవాడు ఆ పనికి దిగుట చూచి పలువురు పరిహసించిరి. సుప్రసిద్ధ శస్త్రవైద్యుడు జాన్ హంటరు మాత్రము ప్రోత్సహించెను. స్వదేశమున అప్పటికి పశువైద్య కళాశాల లేదు. అందుచే అతడు 1790లో, విప్లవము రగులుకొన్న ఫ్రాన్సునకు పోయి, లియాన్ నగరమున చదివెను.

లండనులో వైద్యము బాగుగా సాగి ధనము చేకూరెను. యంత్రముతో లాడములు చేయవలెనని పూని 1796, 1800 సంవత్సరములలో పేటెంట్లు పొందెను గాని, ఆ యత్నమున చాల ధనము పోగొట్టుకొనెను. 1808లో ఈస్టిండియా కంపెనీవారి అశ్వశాలకు అధికారియై బీహారులోని పూసాకు వచ్చెను.

అచ్చటి గుఱ్ఱములు కంపెనీ అశ్వదళమునకు తగినంత ఎత్తును బలమును గలవి కావు. మేతకై ఓట్సు పైరు వేయించెను. కాని మేలుజాతి పోతుగుఱ్ఱములు లేక సంతతి ఎట్లు బాగుపడును? అట్టివి మధ్య ఆసియాలోని బొఖారాలో దొరకునని అతని నమ్మకము. ఆ గుఱ్ఱములెక్కు సైన్యము మన దేశమును అదుపులో నుంచుటకే యని మేము మఱువలేదు. అతని శ్రమను చెప్పుచున్నాము గాని కంపెనీని పొగడుట లేదు.

1812లో హియర్సీ అను సహచరునితో గోసాయి వేషము దాల్చి, నీతి కనుమ దాటి టిబెట్టు చేరెను. మనము పురాణములలో వినెడి మానస సరోవరము నొడ్డున నిలిచెను. దారి కొలతకై వెంటనున్న పండితు డొకడు సమముగా అడుగులు వేయుచు, లెక్కించుచు నడచెనట! గుఱ్ఱములు మాత్రము దొరకలేదు. శాలువల ఉన్ని నిచ్చు మేకలను కొని మరలి వచ్చుచుండగా గూర్ఖాలు నిర్బంధించి, కొన్నాళ్లకు విడిచిరి.

1819లో మరల బయలుదేరెను. లాహోరులో రణజిత్ సింగు అతనికి తన గుఱ్ఱములను చూపెను. 1820లో లడఖు చేరి రెండేండ్లు అచ్చట నుండెను. దారి పొడవున రోగులకు వైద్యము చేసెను. కంటి పొరలు తీసెను. అనుమతి లేకయే లడఖువారితో వర్తకపు ఒడంబడిక చేసికొనగా కంపెనీవారు కోపించి జీతము నిలిపిరి. అయినను వెనుకకు మరలలేదు.

1822లో కశ్మీరు దారిని అతనికి చోమా అను హంగేరీ దేశీయుడు తటస్థపడెను. తన జాతి మూలములను వెదకుచు వచ్చిన యా బీదవానికి మూర్‌క్రాఫ్ట్ టిబెట్టు భాషను గూర్చిన గ్రంథమును, ధనమును ఇచ్చి ఆ భాష నేర్వుమని ప్రేరేపించెను. 1834లో కలకత్తాలో వెలువడిన చోమా టిబెట్టు నిఘంటువునకు బీజ మిదియే. భాషోపాధ్యాయులమగుటచేత కాబోలు, మాకు అతని చరిత్రలో అన్నిటికంటె ప్రీతియైన ఘట్ట మిది.

కాబూలు మీదుగా పోవుచుండగా కుందూజు పాలకుడు మురాద్ బేగు నిర్బంధించి ధనము గుంజెను. తుదకు 1825 ఫిబ్రవరి 25న బొఖారా చేరెను. పదునేడేండ్లు కలలుగన్న సంతలో కోరినట్టి గుఱ్ఱములు కొలదిగా మాత్రమే దొరకెను! మరలివచ్చుచు, ఆ ఆగస్టులో ఆందఖోయి అను ఊర జ్వరముతో మరణించెను. అతని దేహమును బల్ఖులో పాతిపెట్టిరి. సహచరులగు గత్రీ, ట్రెబెక్కులును కొలది కాలములోనే ఆ దేశముననే గతించిరి. అతని వ్రాతలు 1841లో లండనున గ్రంథముగా వెలువడెను.

పూసాలోని యా భూములలో 1905లో వ్యవసాయ పరిశోధనాలయము వెలసెను. 1934 నాటి భూకంపమున భవనములు దెబ్బతినగా దానిని ఢిల్లీకి తరలించిరి. పేరును వెంట పోయెను. మన రైతులు విత్తనపు సంచులపై చూచెడి పూసా అను మాట, మూర్‌క్రాఫ్ట్ గుఱ్ఱములను పెంచిన యా గ్రామము పేరే.