మహలియా జాక్సన్: ఊరట నుంచి ఉద్యమానికి

కీర్తనలు పోరాటాన్ని చల్లారుస్తాయని మనలో కొందరం అనుకుంటాం. నల్లజాతి గాయని మహలియా జాక్సన్ జీవితం అది నిజం కాదంటుంది.

1911లో న్యూ ఆర్లీన్స్‌లో పుట్టింది. చిన్నతనంలోనే తల్లి పోయింది. షికాగోలో ఇళ్లల్లో పనిచేస్తూ, బట్టలుతుకుతూ చర్చిలో పాడింది. డబ్బొస్తుందన్నా బ్లూస్ పాడలేదు. ఆమెకు ఊరటా, ఆనందమూ క్రైస్తవ కీర్తనల్లోనే దొరికాయి. పేరొచ్చాక తెల్లవాళ్ల పేటలో ఇల్లు కొంటే కిటికీల మీద కాల్పులు జరిపారు. ఆమె పాట ఆగలేదు. 1956లో మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ ఉద్యమం కోసం, 1963లో వాషింగ్టన్ సభలో పాడింది. 1968లో కింగ్ అంత్యక్రియల్లో ఆయనకిష్టమైన కీర్తన పాడి సాగనంపింది. అది థామస్ డోర్సీ భార్యనూ, పసిబిడ్డనూ పోగొట్టుకున్న దుఃఖంలో రాసిన పాట. 1972లో మహలియా కన్నుమూసింది.

మన పేటల్లో రాత్రి కూడికల్లో చప్పట్లు కొడుతూ పాడే అమ్మల గొంతును మనం తేలిగ్గా తీసుకోవద్దు. పగలంతా పడ్డ అవమానాన్ని దులుపుకొని రేపటికి లేచి నిలబడేది ఆ పాటతోనే.