మాయాబజార్ పడవ పాటకు వరస కట్టింది శివరామపురం బిడ్డే

సాలూరు: ‘మాయాబజార్’ సినిమాలో వెన్నెల రాత్రి పడవ మీద సాగే పాట తెలియని పల్లె మన జిల్లాలో ఉండదు. పెళ్ళి పందిరిలో మైకు కడితే ఆ పాట రావలసిందే. 1957లో విడుదలైన ఆ చిత్రంలో సంగీత దర్శకుడిగా కనిపించేది ఘంటసాల గారి పేరు. అయితే ఆ పాటకూ, మరో మూడు పాటలకూ వరసలు కట్టింది సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు గారు. ఆ నాలుగు పాటలయ్యాక ఆయన చిత్రం నుంచి తప్పుకున్నారు. ఆ వరసలకు వాద్యాలు కూర్చి, రికార్డు చేయించి, మిగతా సంగీతమంతా ఘంటసాల సమకూర్చారు. పాట ఇంటింటికీ చేరింది కాని, వరస ఎవరిదన్నది చాలామందికి చేరలేదు.

1920ల తొలినాళ్ళలో రాజేశ్వరరావు పుట్టేనాటికి ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. తర్వాత శ్రీకాకుళం, 1979 నుంచి విజయనగరం, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. తండ్రి సన్యాసిరాజు గారు మృదంగ విద్వాంసులు, పాటలు కూడా రాసేవారు. ఇంట్లోనే తాళం, ఇంట్లోనే పాట. అందుకే కుర్రవానికి సంగీతం మాటలతో పాటే అబ్బింది. తమ్ముడు హనుమంతరావు కూడా తర్వాత సంగీత దర్శకుడయ్యారు.

బాలకృష్ణుడుగా తెరమీదికి

1935లో వచ్చిన ‘శ్రీకృష్ణ లీలలు’లో రాజేశ్వరరావు కృష్ణుడు వేషం కట్టారు. అప్పటికి పదమూడు పద్నాలుగేళ్ళ ప్రాయం. కంసుడు వేమూరి గగ్గయ్య గారు. ఆ రోజుల్లో నటించేవారే పాడుకోవాలి. కుర్రవాడి గొంతు జనానికి నచ్చింది. తర్వాత మరో సినిమా పని మీద కలకత్తా వెళ్ళినప్పుడు ఆయన దారి మారింది. సైగల్, పంకజ్ మల్లిక్, ఆర్.సి. బోరాల్ వంటి వారి సంగీతాన్ని దగ్గరగా వినే అవకాశం అక్కడ దొరికింది. పాట వెనుక వాద్యాలు ఎలా నడవాలి, ఎక్కడ ఆగాలి అన్నది కలకత్తా నేర్పిన పాఠం.

మద్రాసు తిరిగి వచ్చి 1940లో గూడవల్లి రామబ్రహ్మం గారి ‘ఇల్లాలు’కు సంగీతం చేశారు. అందులో నటించారు కూడా. రావు బాలసరస్వతీ దేవి గారితో కలిసి పాడిన గ్రామఫోను రికార్డులు ఊరూరా తిరిగాయి. కచేరీ పాటకు రాగం తెలిసిన శ్రోత కావాలి. నాటకంలో పద్యానికి పెద్ద గొంతు కావాలి. ఈ రికార్డుల పాటకు ఆ రెండూ అక్కర్లేదు. రాగం లోపల ఉంటుంది, మాట స్పష్టంగా వినపడుతుంది, ఎవరైనా కూనిరాగంగా పాడుకోవచ్చు. లలిత సంగీతం అని ఇవాళ మనం పిలిచే బాణీని తెలుగులో నిలబెట్టిన కొద్దిమందిలో ఆయన ఒకరు.

చంద్రలేఖ, మల్లీశ్వరి

తర్వాత కొన్నేళ్ళు జెమినీ స్టూడియోలో పనిచేశారు. 1948లో ఎస్.ఎస్. వాసన్ తీసిన ‘చంద్రలేఖ’కు కర్ణాటక, హిందుస్తానీ బాణీలతో పాటు పాశ్చాత్య బాణీలనూ కలిపి సంగీతం చేశారు. పెద్ద పెద్ద ఢంకాల మీద సాగే నృత్యం దేశమంతా పేరు తెచ్చింది.

అంత ఆర్భాటం చేసిన మనిషే మూడేళ్ళకు ‘మల్లీశ్వరి’లో దానికి పూర్తిగా ఎదురు దారి పట్టారు. బి.ఎన్. రెడ్డి దర్శకులు, దేవులపల్లి కృష్ణశాస్త్రి కవి, పాడింది ఘంటసాల, భానుమతి. వాద్యాల సహకారం అద్దేపల్లి రామారావు గారిది. నెలల తరబడి కూర్చుని మాట మాటకూ తగ్గట్టు వరసలు దిద్దారు. వాద్యాలు తక్కువ, మాటకు చోటెక్కువ. మబ్బును పలకరించే పాట విన్న రైతు అందులోని రాగం పేరు చెప్పలేకపోవచ్చు. ఆ దిగులు మాత్రం తన దిగులే అనుకుంటాడు. సభలకు వెళ్ళని మనిషికి శాస్త్రీయ రాగాన్ని ఇలా ఇంటికి తెచ్చి ఇవ్వడమే రాజేశ్వరరావు గారి గొప్పతనం.

‘విప్రనారాయణ’ (1954), ‘మిస్సమ్మ’ (1955), ‘చెంచులక్ష్మి’ (1958), ‘అమరశిల్పి జక్కన’ (1964), ‘డాక్టర్ చక్రవర్తి’ (1964) ఆయన చేసినవే. వీణ పాటలన్నా, పియానో పాటలన్నా ఆయన పేరే ముందు చెప్పుకునేవారు.

బొబ్బిలి కథకు రెండుసార్లు

మనకు పొరుగునే ఉన్న బొబ్బిలి వీరగాథకు ఆయన రెండుసార్లు సంగీతం కూర్చారు. 1964లో ఎన్.టి. రామారావు నటించిన ‘బొబ్బిలి యుద్ధం’ మొదటిది. ఇరవై రెండేళ్ళ తర్వాత 1986లో కృష్ణంరాజు నటించిన ‘తాండ్ర పాపారాయుడు’ రెండోది. అప్పటికి సినిమా పాట వేగం పెరిగింది, వాద్యాలూ మారాయి. అయినా పాత కథకు పాత పెద్దాయనే కావలసి వచ్చారు.

1992లో రాష్ట్ర ప్రభుత్వం రఘుపతి వెంకయ్య పురస్కారం ఇచ్చింది. 1999 అక్టోబరులో ఆయన కన్నుమూశారు. కుమారుడు కోటేశ్వరరావు, కోటి అన్న పేరుతో సంగీత దర్శకుడిగా ప్రసిద్ధులు.

సాలూరు అనగానే లారీల ఊరని చెప్పుకుంటారు. ఇంటి పేరుగా ఆ ఊరిని మోసుకుంటూ తెలుగునాడంతా తిరిగిన మనిషి ఒకరున్నారని మన పిల్లలకు చెప్పవలసింది మనమే. ఈసారి పెళ్ళి పందిరిలో పడవ పాట వినిపించినప్పుడు, ఆ వరస శివరామపురం వాడిదని పక్కనున్న కుర్రవానికి ఒక్క మాట చెబితే చాలు.