పల్లె బడికి ఆకాశము నుండి పాఠము – విక్రమ్ సారాభాయి చరిత్రము

భారతకథయందలి సంజయుని వృత్తాంతము ఎరుగనివారు మన గ్రామములలో అరుదు. వ్యాసమహర్షి యనుగ్రహమున దివ్యదృష్టి పడసి, రణరంగమున జరిగినదెల్ల అంధుడగు ధృతరాష్ట్రునకు అతడు కన్నులకు గట్టినట్లు వినిపించెను. దూరముననున్నదానిని దగ్గరకు దెచ్చి చూపుట సంజయుని పని. దానిని గ్రహించి తాను మారుట రాజు పని. మొదటిది నెరవేరెను, రెండవది నెరవేరలేదు. దూరదర్శనమును విద్యకు సాధనముగా జేయదలచిన ప్రతివారికిని ఈ రెండు పనులకు గల భేదము ఎదురు కాక మానదు. ఆ భేదమెరిగి, మారుమూల పల్లెలలోని బడిపిల్లలకు తెరమీది పాఠమును అందింపబూనిన మహనీయుడు డాక్టరు విక్రమ్ అంబాలాల్ సారాభాయి. భారతదేశమున అంతరిక్ష పరిశోధనకు ఆద్యుడుగా ఆయన పేరు అందరికిని తెలిసినదే. బడికొరకు ఆయన చేసిన యోచన అంతగా ప్రచారము నొందలేదు. గ్రంథాలయ రజతోత్సవ సంచికయందు ఆ కథ చెప్పుట సముచితమని తలచి ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

సారాభాయి 1919వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీన అహమ్మదాబాదు నగరమున జన్మించెను. తండ్రి అంబాలాల్ గొప్ప మిల్లుల యజమాని, తల్లి సరళాదేవి. కలిమి గల ఇండ్ల బిడ్డలను పేరుమోసిన పాఠశాలలకు పంపుట నాటి వాడుక. ఈ దంపతులు అట్లు చేయక, తమ బిడ్డల కొరకు ఇంటనే ఒక బడిని నెలకొల్పిరి. అచ్చట భాషలు, గణితము, శాస్త్రములతో పాటు చిత్రలేఖనము, సంగీతము, తోటపని, చేతిపని కూడ నేర్పబడుచుండెను. బాలుడగు విక్రముడు ఆ ఇంటి పనిముట్ల శాలలో గడిపి, నిజముగ నడచు చిన్న రైలింజను నమూనాను చేయించి, చేసి సంతోషించెను. చెప్పగా విన్నది మరచిపోవచ్చును, చేసి చూచినది నిలుచును అను సత్యము ఆ వయసుననే ఆయనకు అనుభవమునకు వచ్చెను. ఆయన జీవితమంతయు ఈ విత్తనమునుండి మొలిచిన చెట్టే యని నా యభిప్రాయము.

తరువాత ఆయన ఇంగ్లాండునకు బోయి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ప్రకృతిశాస్త్రములు చదివి 1940లో పట్టము పొందెను. రెండవ ప్రపంచయుద్ధము కారణముగా స్వదేశమునకు మరలివచ్చి, బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థలో సర్ సి. వి. రామన్ మహాశయుని ప్రాపున విశ్వకిరణములను గూర్చి పరిశోధన సాగించెను. 1942లో ప్రసిద్ధ నర్తకి మృణాళినిని వివాహమాడెను. యుద్ధానంతరము మరల కేంబ్రిడ్జికి వెళ్లి 1947లో డాక్టరు పట్టము గైకొని వచ్చెను. అప్పటికి ఆయన వయసు ఇరువదియెనిమిది ఏండ్లు. ఆ సంవత్సరము నవంబరులోనే అహమ్మదాబాదున భౌతిక పరిశోధనాలయమును స్థాపించెను. అది మొదట ఒక కళాశాలలోని కొలది గదులలో ప్రారంభమయ్యెను. పిమ్మట నూలుమిల్లుల పరిశోధనాసంఘము, 1961లో వ్యాపారనిర్వహణ విద్యాసంస్థ మొదలగునవి ఆయన పూనికతో వెలసినవి. 1960వ దశాబ్దమున అదే నగరమున సామాజిక విజ్ఞానకేంద్రమును గూడ నెలకొల్పి, బడిపిల్లలును ఉపాధ్యాయులును తమ చేతులతో ప్రయోగములు చేసికొనుటకు వీలు కల్పించెను. అణుశక్తి, రాకెట్టులు తలకెత్తుకొన్న శాస్త్రవేత్త చిన్నపిల్లల ప్రయోగముల కొరకు తీరిక చేసికొనుట విశేషము గదా!

1962లో భారత అంతరిక్ష పరిశోధనల జాతీయ సంఘము ఏర్పడగా సారాభాయి దానికి అధ్యక్షుడయ్యెను. కేరళమున తిరువనంతపురమునకు సమీపమునగల తుంబా యను జాలరిపల్లె భూమియొక్క అయస్కాంత మధ్యరేఖకు చేరువనుండుటచే, రాకెట్టులు ప్రయోగించుటకు అనువైన తావని నిర్ణయింపబడెను. అచ్చటి క్రైస్తవులు తమ ప్రార్థనామందిరమును శాస్త్రజ్ఞులకు అప్పగించిరి. 1963 నవంబరు 21వ తేదీన అక్కడినుండి మొదటి రాకెట్టు ఎగసెను. కూడు లేని దేశమునకు రాకెట్టులేల యని పలువురు ఆక్షేపించిరి. ఆయన వాదింపలేదు. రాకెట్టుచే సామాన్యునకు ఏమి మేలు కలుగునో చూపుటయే తగిన సమాధానమని యెంచెను. అట్లు ఎంచి ఎన్నుకొన్న మేలులలో మొదటిది పల్లెలకు దూరదర్శనము.

మన దేశమున దూరదర్శనము 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో ప్రారంభమయ్యెను. కొలది సంవత్సరములలోనే ఆ నగర పాఠశాలల కొరకు పాఠములు ప్రసారము కాజొచ్చెను. అయినను అవి ఢిల్లీకే పరిమితములు. 1967 జనవరి 26వ తేదీన ఢిల్లీ పరిసరములలోని ఎనుబది గ్రామములలో సామూహిక దూరదర్శన యంత్రములు నిలిపి, రైతుల కొరకు కృషిదర్శన్ కార్యక్రమమును ఆరంభించిరి. దీనికి వెనుక నిలిచినవాడు సారాభాయియే. పల్లెవాడు తెరమీది చిత్రమును చూచి గ్రహింపగలడా యను సందేహము ఆ ప్రయోగముతో కొంత తీరెను.

లెక్కలు వ్రాయుట వృత్తిగా గలవాడను గనుక, ఆయన వేసిన లెక్క నాకు మిక్కిలి నచ్చినది. నగరమునుండి నగరమునకు గోపురములు కట్టుకొనుచు బోయినచో, చిట్టచివరి పల్లెకు దూరదర్శనము చేరుటకు దశాబ్దములు పట్టును. అందాక ఉన్నవానికే మరింత దొరకును. లేనివాడు ఎప్పటివలెనే వెనుకబడును. ఆకాశమున ఒక ఉపగ్రహమును నిలిపినచో దానికి నగరమును పల్లెయును సమానమే. అచ్చటినుండి వచ్చు కిరణము కొండకోనలోని బడిమీదను రాజధానిమీదను ఒకే తీరున పడును. కావున వరుసలో చివరనున్నవానిని మొదట నిలుపవలెనని ఆయన తీర్మానము.

ఆనాటికి మనకు ఉపగ్రహము లేదు. అమెరికా అంతరిక్షసంస్థ సిద్ధపరచుచున్న ఉపగ్రహమును ఒక్క సంవత్సరము మన విద్యకొరకు ఎరువు తెచ్చుకొనుటకు 1969 సెప్టెంబరులో ఒడంబడిక కుదిరెను. మన పక్షమున సంతకము చేసినవాడు, నాటికి అణుశక్తి సంఘాధ్యక్షుడుగ నున్న సారాభాయి. ఆ సంవత్సరము ఆగస్టు 15వ తేదీననే భారత అంతరిక్ష పరిశోధనాసంస్థ అవతరించెను. ఉపగ్రహము ఎరువుదైనను, పల్లెలలోని గ్రాహకయంత్రములు మనవిగానే యుండవలెనని నిశ్చయించిరి. వానిని తయారుచేసినది హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను. 1967లో వెలసిన ఆ సంస్థకు మూలపురుషుడు పశ్చిమగోదావరి మండలమున మోగల్లు గ్రామమున జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు. ఈ విధముగ తెలుగువారి చేతిపని ఆ మహాయజ్ఞమునకు అక్కరకు వచ్చెను.

రాకెట్టుల ప్రయోగమునకు తూర్పు తీరమున మరియొక తావును వెదకి, నాటి నెల్లూరు మండలములోని శ్రీహరికోట ద్వీపమును ఎన్నుకొనిరి. 1971 అక్టోబరు 9వ తేదీన అచ్చటనుండి మొదటి రాకెట్టు ఎగసెను. ఆ తరువాత మూడు మాసములైనను గడువకయే, డిసెంబరు 30వ తేదీన, పనిమీద కేరళమునకు వెళ్లి కోవలమున విడిసిన సారాభాయి రాత్రి నిదురలోనే కన్నుమూసెను. వయసు ఏబదిరెండు ఏండ్లు. తలపెట్టిన పాఠము బడికి చేరకముందే గురువు వెడలిపోయెను.

అయినను పని ఆగలేదు. సతీష్ ధవన్, యశ్‌పాల్ మొదలగువారు భారమును వహించిరి. 1974 మే 30వ తేదీన అమెరికావారు ఉపగ్రహమును ప్రయోగించి, ఏడాది పిమ్మట దానిని మన దేశమునకు కనబడు తావునకు జరిపిరి. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహారు, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రములలోని 2,400 గ్రామములకు ప్రసారములు సాగినవి. కోళ్లగూళ్లకు వాడు తీగవలతో చేసిన, మూడు మీటర్ల వ్యాసము గల గొడుగువంటి ఆంటెన్నాలు పంచాయతీ కచేరీల దగ్గరను, బడుల దగ్గరను నిలిచినవి. హిందీ, ఒరియా, తెలుగు, కన్నడము – నాలుగు భాషలలో కార్యక్రమములు వచ్చెను. సాయంకాలము పెద్దల కొరకు. ఉదయము గంటన్నర సేపు, ఐదు మొదలు పన్నెండేండ్ల వరకు గల బడిపిల్లల కొరకు. ఆ గంటన్నరను నాలుగు భాషలు పంచుకొనగా ఒక్కొక్క భాషకు ఇరువదిరెండున్నర నిమిషములు మాత్రమే దక్కెను.

ఆ కొలది నిమిషములలో ఏమి చూపవలెను? పాఠ్యపుస్తకమునే తెరమీద వల్లించుట వృథాయని నిర్వాహకులు గ్రహించిరి. పుస్తకము చూపలేనిదానిని, గ్రామమున కానరానిదానిని చూపిరి. చేతికందు వస్తువులతో చేయదగిన ప్రయోగములను చూపిరి. ఒక ప్రశ్నను పుట్టించి విడుచుటయే ఆ చిత్రముల పరమార్థము. ఆ ప్రశ్నకు నీరుపోసి పెంచుట ఉపాధ్యాయుని వంతు. అందుచేతనే ఉపాధ్యాయులను మరువలేదు. దాదాపు 50,000 మంది ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానబోధనయందు శిక్షణ యొసగిరి. ఆ శిక్షణయందును కేవలము తెరమీదనే ఆధారపడక, దూరదర్శనమునకు తోడు రేడియో పాఠములను, అచ్చు పుస్తకములను, స్వయముగా చేయు ప్రయోగములను జతపరచిరి.

ఫలితమేమి? జమయు ఖర్చును రెండును వ్రాయుట న్యాయము. బడిలో చేరు పిల్లల సంఖ్య చెప్పదగినంత పెరుగలేదు. పరీక్షల మార్కులును పెరుగలేదు. ఇది ఖర్చు పక్షము. పిల్లల మాటతీరు మెరుగుపడెను. కొత్త విషయములను పలుచోట్ల వెదకి తెలిసికొనవలెనను కుతూహలము హెచ్చెను. ఇది జమ పక్షము. మార్కుల పుస్తకమున ఎక్కని ఈ జమయే విద్యకు మూలధనమని నేను తలచుచున్నాను. ఏడాది నిండగనే ఉపగ్రహమును అమెరికావారు తమ దేశసేవకై మరలించుకొనిరి. పెక్కు పల్లెలలో తెరలు మరల చీకటియయ్యెను. 1977లో హైదరాబాదు దూరదర్శన కేంద్రము వచ్చి కొన్నింటికి వెలుగు నిచ్చెను. 1983లో మన ఉపగ్రహమగు ఇన్సాట్–1బి ఆకాశమున నిలిచెను. 2004 సెప్టెంబరు 20వ తేదీన విద్యకొరకే నిర్మింపబడిన ఎడ్యుశాట్ ఉపగ్రహము శ్రీహరికోటనుండియే పైకెగసెను. ఎరువు తెచ్చిన దీపముతో ఆరంభమైన పని, సారాభాయి ఎన్నిక చేసిన ఇసుకతిన్నెలనుండియే సొంత దీపమును వెలిగించుకొనెను.

నేడు తెరలకు కొదువ లేదు. అనేక పాఠశాలలలో గోడలమీదనే అవి అమరినవి. సముద్రగర్భమును, సూర్యగ్రహణమును, అణువు లోపలి విన్యాసమును చూపు డాక్యుమెంటరీలు కోరినంతనే లభించుచున్నవి. సారాభాయి కాలమున కరవు చిత్రమునకు. నేటి కరవు చిత్రమును నిలిపి ఒక ప్రశ్న వేయు పంతులుగారికి. పావుగంట చిత్రమును చూపి దీపమార్పి పోయినచో అది కాలక్షేపము. నడుమ రెండు మారులు ఆపి, ఇట్లేల జరిగినదని యడిగి, పిల్లలచే చెప్పించి, మరునాడు వారిచే చేయించినచో అది విద్య. మొదటి బడిలో పిల్లవాడు ధృతరాష్ట్రుడు. రెండవదానిలో తానే సంజయుడగును.

ప్రశ్న పుట్టిన పిల్లవాడు జవాబునకై ఎచ్చటికో పోవలెను గదా. ఇరువదియైదేండ్లుగా మన ఊర తలుపు తెరచుకొనియున్న ఈ గ్రంథాలయమునకు అతడు వచ్చునట్లు చేయుట ఉపాధ్యాయులకును మనకును ఉమ్మడి బాధ్యత. తెరమీద చూచిన గ్రహణమును గూర్చి అడుగుచు ఒక్క బాలుడు మన బీరువా యెదుట నిలిచిన నాడు, ఆ పుస్తకమును వెదకి అతని చేతికిచ్చువారు సారాభాయి తలపెట్టిన పనిలో భాగస్థులగుదురు.